కాయితం మాట, నోటి మాట

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో రైతు ఒకే పూట మూడు తెలుగులు మాట్లాడతాడు. ఇంట్లో ఒకటి, తహసీల్ ఆఫీసు కౌంటర్ కాడ ఒకటి, కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తులో ఇంకొకటి. ఏ మాట ఎక్కడ వాడాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెలియకపోతే మాత్రం పని ఆగిపోతుంది. ఎక్కడో హాంకాంగ్‌లో కాంటనీస్ నేర్చుకునేవాళ్లకూ ఇదే చిక్కు. మాట్లాడే భాష వచ్చినా కాయితం మీద భాష రాదు. మర్యాద మాట తెలిసినా అది వాడే సందర్భం తెలియదు. ఆ చిక్కుల్లోంచి ఏరిన కొన్ని ముచ్చట్లు ఇవి. ఎక్కువ భాగం కామారెడ్డి జిల్లావే.

1317 నాటి చట్టం

భూమి తగాదాల నోటీసుల్లో, కోర్టు తీర్పుల్లో ఇప్పటికీ ఒక చట్టం పేరు కనబడుతుంది: భూమి రెవెన్యూ చట్టం, 1317. ఆ అంకె చూసి, ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజుల నాటి చట్టం కాబోలు అనుకుంటే తప్పు పట్టడానికి లేదు. 1317లో నిజంగానే ఆయన గద్దె మీద ఉన్నాడు. కానీ అంకె పక్కనే 'ఫసలీ' అన్న చిన్న మాట ఉంటుంది. ఫసల్ అంటే పంట. పంటల లెక్కన శిస్తు వసూలు కోసం నడిపిన సంవత్సరం ఫసలీ. హైదరాబాద్ రాజ్యంలో వాడిన ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. అంటే ఈ చట్టం 1907 నాటిది. కాకతీయులది కాదు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది.

లింగంపేటలో వినబడిన మాటలు

2025 ఏప్రిల్‌లో భూమి రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టాన్ని తెలంగాణలో మొదట నాలుగు మండలాల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. వాటిలో ఒకటి ఎల్లారెడ్డి పక్కనే ఉన్న లింగంపేట. దానికి ముందు ఇదే పనికి 2020లో వచ్చింది ధరణి. ధరణి, భూభారతి, రెవెన్యూ సదస్సు... సర్కారు పెట్టిన ఈ పేర్లు, రెవెన్యూ అన్న ఇంగ్లిష్ ముక్క తప్ప, సంస్కృతపు సొగసుతో ఉంటాయి.

భూమి అర్జీ పట్టుకుని సదస్సుకు వచ్చిన రైతు నోట్లో మాటలు మాత్రం వేరే. సాదాబైనామా, విరాసత్, పట్టా, పహాణీ, లావణి, శిఖం. తెల్ల కాయితం మీద రాసుకున్న కొనుగోలు సాదాబైనామా. తండ్రి పోయాక భూమి కొడుకుల పేరు మీదికి ఎక్కడం విరాసత్. సర్కారు పేదలకిచ్చిన భూమి పట్టా లావణి. చెరువు కడుపులోని నేల శిఖం. 'ఖాస్రా పహాణీలో పేరున్నదా?' అని ఊళ్లో ఎవరైనా అడిగితే అది 1954-55 నాటి రికార్డు గురించిన ప్రశ్న. తెలంగాణలో భూమి తగాదా ఎంత దూరం పోయినా చివరికి ఆ రికార్డు దగ్గర ఆగుతుంది.

ఇక్కడ జరిగిన తమాషా చూడండి. ఈ మాటల్లో చాలావరకు ఒకప్పుడు దర్బారు మాటలు, రైతుకు అర్థం కాని ఫార్సీ, అరబ్బీ, మరాఠీ మాటలు. పట్వారీ నోట వింటే గుండె దడ పుట్టించిన మాటలు. వంద నూటయాభై ఏళ్లు నలిగి నలిగి అవి ఊరి మాటలైపోయాయి. ఇప్పుడు వాటి స్థానంలోకి వచ్చిన తెలుగు మాటే రైతుకు కొత్తగా, ఆఫీసు వాసనతో వినబడుతోంది. 'భూ యాజమాన్య హక్కుల బదిలీ' అంటే 'అదేంది సారూ?' అంటాడు. 'విరాసత్' అంటే చటుక్కున తల ఊపుతాడు.

కోస్తా వాళ్లు మనల్ని చూసి నవ్వనవసరం లేదు. మన పహాణీకి వాళ్ల పేరు అడంగల్, సర్కారు నేలకు పోరంబోకు. ఆ రెండూ మద్రాసు నుంచి వచ్చిన అరవ మాటలు. మనకు హైదరాబాదు ఫార్సీ నేర్పితే వాళ్లకు మద్రాసు అరవం నేర్పింది. భూమి తెలుగువాళ్లదే కానీ దాని లెక్క మాత్రం రెండు చోట్లా పరాయి మాటల్లోనే సాగింది.

వారసత్వం ఎవరి వారసత్వం?

విరాసత్ ఉర్దూ మాట, వారసత్వం అచ్చమైన తెలుగు మాట అనుకుంటాం. రెండింటికీ వేరు ఒక్కటే. అరబ్బీలోని 'వారిస్' తెలుగులో వారసుడైంది. ఆ వారసుడికి సంస్కృతపు 'త్వం' తగిలించి వారసత్వం చేశాం. దరఖాస్తులో 'విరాసత్ అని రాయకు, వారసత్వం అని రాయి, శుద్ధంగా ఉంటుంది' అని దిద్దే పెద్దమనిషి నిజానికి అరబ్బీని కొట్టేసి అరబ్బీనే రాయిస్తున్నాడు.

నిధి, నిక్షేపం

పాత అమ్మకం దస్తావేజుల్లో ఒక వరుస ఉంటుంది: నిధి, నిక్షేప, జల, తరు, పాషాణ, ఆగామి, సిద్ధ, సాధ్య. ఎకరం చెల్క అమ్మేవాడు అందులో దొరకబోయే లంకెబిందెలనూ, చెట్లనూ, రాళ్లనూ, ఇకముందు రాబోయే లాభాలనూ కలిపి రాసిస్తాడు. డాక్యుమెంట్ రైటర్ ఇదేమీ సొంతంగా కల్పించలేదు. అష్టభోగాలని పేరున్న ఈ జాబితా విజయనగర కాలపు దాన శాసనాల్లో కొద్ది తేడాలతో ఉంది. రాజులు అగ్రహారాలు దానమిచ్చిన భాషలో మన రైతు గెట్టు పక్క నేల అమ్ముకుంటాడు. చదివే రైతుకు సగం అర్థం కాదు. అయినా ఆ వరుస తీసేస్తే 'కాయితం గట్టిగ లేదు' అంటాడు. అర్థం అయితేనే గట్టి అని రూలేమీ లేదు మరి.

ఫిద్వీ, మనవి ఏమనగా

నిజాం కాలంలో అర్జీ ఉర్దూలో నడిచేది. 'బఖిద్మత్ జనాబ్ తహసీల్దార్ సాహెబ్' అని మొదలుపెట్టి, 'గుజారిష్ హై కే' అని విషయంలోకి దిగి, రాసేవాడు తనను తాను 'ఫిద్వీ' అని చెప్పుకునేవాడు. ఫిద్వీ అంటే మీ కోసం ప్రాణమిచ్చేవాడు. అర్జీ పెట్టుకునేది గెట్టు తగాదా గురించే అయినా మాట మాత్రం ప్రాణాల దాకా పోవాలి.

తెలుగు అర్జీ కూడా తక్కువేమీ తినలేదు. 'మహారాజశ్రీ తహసీల్దారు గారి దివ్య సముఖమునకు' అన్న పాత మొదలు ఇప్పుడు పోయింది కానీ, 'అయ్యా, నా మనవి ఏమనగా' మాత్రం నేటికీ నిలిచే ఉంది. ఎదుటివాణ్ని ఆకాశానికెత్తి తనను నేలకు దించుకోవడం అర్జీ వ్యాకరణం.

చీనావాళ్లూ అంతే. కాంటనీస్ వ్యాపార ఉత్తరంలో 'మీ కంపెనీ' అనరు, 'తమ ఉన్నత కంపెనీ' అంటారు. 'మా కంపెనీ' అనరు, 'మా చిరుగుల కంపెనీ' అన్న అర్థం వచ్చే మాట రాస్తారు. పేరు అడగాలంటే 'గ్వై సింగ్', అంటే తమ శ్రేష్ఠమైన ఇంటిపేరు ఏమిటి అని అడుగుతారు. జవాబు చెప్పేవాడు ఆ 'శ్రేష్ఠ' అన్న మాటను తన పేరుకు తగిలించుకోకూడదు, 'నా ఇంటిపేరు చాన్' అనో, ఇంకా వినయంగా 'నా అల్పమైన ఇంటిపేరు చాన్' అనో అనాలి. హైదరాబాదు మర్యాద తెలిసినవాళ్లకు ఇది పాత సంగతే. 'ఇస్మే షరీఫ్?' అని పేరడిగి, 'దౌలత్‌ఖానా ఎక్కడ?' అని ఇల్లడిగితే, 'గరీబ్‌ఖానా ఫలానా గల్లీలో' అనాలి. అడిగేవాడికి అది భాగ్యమందిరం, చెప్పేవాడికి పేదకొంప. తారుమారు చేసి 'నా దౌలత్‌ఖానా' అన్నారంటే జీవితాంతం ఆ మాట మీద నవ్వుకుంటారు.

సోమవారం ప్రజావాణికి పోతే

జిల్లా కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి. కామారెడ్డిలో ఆ రోజు వరండా నిండా కాయితాలు పట్టుకున్న మనుషులే. దరఖాస్తు రాయించుకునేవాళ్ల బాధ దగ్గరగా చూస్తే భాష సంగతి బాగా తెలుస్తుంది.

మనిషి నోటితో చెప్పేది ఇది: 'సారూ, మా బాపు సచ్చిపోయి రెండేండ్లాయె. భూమి ఇంకా మా పేర్ల మీద ఎక్కలే. తిరిగి తిరిగి చెప్పులరిగినయి.'

ఉత్సాహవంతుడు రాసిచ్చేది ఇది: 'మా పూజ్య పితృదేవులు పరమపదించిన పిమ్మట తత్సంబంధిత భూమి నా నామధేయమున నమోదు గాంచనందున మిక్కిలి మనోవ్యథకు లోనగుచున్నాను.'

రాయాల్సింది ఇది: 'మా తండ్రి ఫలానా తేదీన మరణించారు. ఆయన పేరున ఫలానా సర్వే నంబరులో ఎకరం ఇరవై గుంటల భూమి ఉంది. విరాసత్ కోసం ఫలానా తేదీన దరఖాస్తు చేశాము. ఇంతవరకు కాలేదు. మరణ ధ్రువీకరణ పత్రం జతచేస్తున్నాను. విచారించి పట్టా మార్పిడి చేయగలరని మనవి.'

మూడోదానిలో నోటి మాటా ఉంది, కాయితం మాటా ఉంది. 'విరాసత్'ను అలాగే ఉంచాలి, ఎందుకంటే ఆఫీసులో ఆ పని పేరే అది. 'సచ్చిపోయి'ని మార్చాలి. 'పరమపదించిన' వద్దు. చెప్పులు అరిగిన సంగతి కాయితంలో వద్దు, అది సారు ముందు నిలబడి చెప్పుకోవాల్సిన మాట. నన్నడిగితే పెద్ద మాట రాసిన దరఖాస్తు కంటే సర్వే నంబరు సరిగ్గా రాసిన దరఖాస్తే మర్యాదగలది.

సారొచ్చిండు

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగికి ఎల్లారెడ్డిలో మొదట తగిలే దెబ్బ ఇది. అటెండరు బయటి నుంచి కేకేస్తాడు: 'సారొచ్చిండు!' ఆయనకు మనసు చివుక్కుమంటుంది. వచ్చారు అనాలి కదా, వచ్చాడు అని కూడా కాదు, వచ్చిండా? ఇందులో అమర్యాద ఏమీ లేదు. మర్యాద అంతా 'సారు'లోనే ఉంది, క్రియ మీద రెండోసారి పెట్టనక్కరలేదు. కావాలనుకుంటే 'వచ్చిన్రు' ఎటూ ఉంది. ఇంట్లో అవ్వనూ బాపునూ నువ్వు అనడం ఇక్కడ ప్రేమే.

అసలు అమర్యాద ఎక్కువ మర్యాదలోనే ఉండేది. 'నీ బాంచెన్, కాల్మొక్త దొరా' అన్నది ఒకప్పుడు గడీ ముందు తప్పక పలకాల్సిన మర్యాద మాట. బాంచెన్ అంటే బానిసను. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం ఆ మాటను కింద పడేసింది. ఇప్పుడది వినబడేది సినిమాల్లో, వెక్కిరింపుల్లో మాత్రమే.

తెలుగులో మాట్లాడితే ఎగతాళి

1921 నవంబరు 12. హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘసంస్కార సభ. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు శ్రద్ధగా విన్న సభ, అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి గోల చేసింది. సభా మర్యాదకు తెలుగు పనికిరాదన్నమాట. మనసు కష్టపెట్టుకున్న కొందరు తెలుగు పెద్దలు ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది.

మహాసభ 1937లో మన నిజామాబాదులో జరిగింది. అప్పటికి ఎల్లారెడ్డి, కామారెడ్డి రెండూ ఆ జిల్లావే. అధ్యక్షుడు మందుముల నరసింగరావు. తెలుగు కోసం పుట్టిన సంస్థకు అధ్యక్షుడైన ఈయన నడిపిన పత్రిక 'రయ్యత్' ఉర్దూ పత్రిక. ఇందులో వింతేమీ లేదు. సర్కారుతో పోట్లాడాలంటే సర్కారుకు అర్థమయ్యే భాషలోనే రాయాలి. ఏ సందర్భంలో ఏ భాష అన్నది ఆయనకు బాగా తెలుసు.

తెలుగు మాట కోసం హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట విని 1934లో 354 మంది కవులతో సంచిక వేసి జవాబిచ్చారు. ఆ సంచికలో పద్యాల భాష చూస్తే మాత్రం అది ఏ ఊళ్లో ఎవరూ మాట్లాడని భాష. కవిత్వం అంటే కాయితం మాటే అన్న లెక్క అప్పటికింకా పోలేదు.

'హై' అంటే 'హై'

కాంటనీస్‌లో 'అవును', 'అది ఇది' అని చెప్పడానికి 'హై' అంటారు. కామారెడ్డి బస్టాండులో ఉర్దూ మాట్లాడే ఆటో అన్న 'హై' అన్నా దాదాపు అదే అర్థం. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, కాకతాళీయం. కానీ హాంకాంగ్ మనిషి అదే మాటను కాయితం మీద రాసేటప్పుడు 'హై' అని రాయడు. అక్కడ 'సీ' అని చదివే వేరే అక్షరం పెడతాడు. 'కాదు' అనడానికి నోట్లో 'మ్', కాయితం మీద 'బత్'. నోటితో ఒక భాష, చేత్తో ఇంకో భాష. పిల్లలు బడిలో రాత భాషను కాంటనీస్ ఉచ్చారణతో చదువుతారు, ఇంటికొచ్చి దాన్ని పక్కన పెట్టేస్తారు. అక్కడి సినిమా పాటలు చాలావరకు రాత భాషలోనే ఉంటాయి. ప్రియురాలితో ఎవరూ మాట్లాడని భాషలో ప్రేమ పాట పాడతారు. మనకేం కొత్త? మన సినిమాల్లోనూ ఒకప్పటి ప్రియుడు 'చెలియా, ఏల ఈ మౌనము' ధోరణిలోనే పాడాడు.

హాంకాంగ్‌లో 1974 దాకా అధికార భాష ఇంగ్లిష్ ఒక్కటే. ఆ ఏడు చీనా భాషకూ సమాన హోదా ఇచ్చారు. ఏ చీనా అన్నది చట్టంలో రాయలేదు. నోటి వాడుకలో అది కాంటనీసే అయింది. ఇక్కడ తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966లో వచ్చింది. ఏ తెలుగు అన్నది ఇందులోనూ రాయలేదు.

ఏ తెలుగు?

ఆ ప్రశ్న మీద అంతకుముందే పెద్ద యుద్ధం జరిగింది. గిడుగు రామమూర్తి వాడుక భాష పక్షాన నిలిచారు. ఎదుటి పక్షం వెనకాల పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం కొండలా ఉంది. చివరికి గిడుగు వైపే కాలం మొగ్గింది, ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినమైంది. అయితే 'వాడుక భాష' పేరుతో పత్రికల్లో స్థిరపడింది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాడుక. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీశారు. ఎల్లారెడ్డి ఉత్తర మాండలికం, పత్రికల భాష మధ్య మాండలికం. అందుకే ఎల్లారెడ్డి పిల్లకు గ్రాంథికమూ పరాయిదే, పుస్తకంలోని వాడుకా పరాయిదే.

తెలంగాణ భాషా దినం సెప్టెంబరు 9, కవి కాళోజీ పుట్టినరోజు. ఆయన తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ. జిల్లా చివరి మద్నూర్, జుక్కల్ వాళ్లకు ఇది అంత వింతగా తోచదు. అక్కడ అంగట్లో మరాఠీ, కన్నడం, తెలుగు ఒకే బేరంలో వినబడతాయి.

మత్తడి దుంకింది

ఎల్లారెడ్డి నుంచి మెదక్ దారిలో పోచారం ప్రాజెక్టు. 1922లో పూర్తయింది, వందేళ్లు దాటింది. వానాకాలం నిండితే ఇంజనీరు 'ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, అంతే ఔట్‌ఫ్లో' అంటాడు. పేపరువాడు 'పొంగిపొర్లుతున్న పోచారం' అని రాస్తాడు. ఊరివాడు 'మత్తడి దుంకుతుంది' అంటాడు. మూడింటిలో నీళ్లు కదిలేది చివరి మాటలోనే. ఇలాంటి వ్యవసాయ మాటలను ఊరూరా తిరిగి సేకరించి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వేశారు. సంపాదకుడు పైన చెప్పిన భద్రిరాజు వారే.

లగ్గం, శుభలేఖ

లగ్గం నోటి మాట. లగ్నం కాయితం మాట. పెళ్లి కార్డు మీద లగ్గం మాత్రం ఉండదు. 'దైవ నిర్ణయానుసారం', 'సుముహూర్తమున', 'జ్యేష్ఠ పుత్రిక', 'కనిష్ఠ పుత్రుడు'... పెద్దబిడ్డ, చిన్నకొడుకు అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. వరుడికి 'చి.', వధువుకు 'చి.ల.సౌ.' అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఆమెకు ఆయుష్షుతో పాటు ఇంకో రెండు అదనం. కార్డు ఎంత గ్రాంథికంగా ఉన్నా దాన్ని చేతికిచ్చేటప్పుడు అనే మాట మాత్రం ఒక్కటే: 'అన్నా, లగ్గానికి అందరు రావాలె. దావత్ ఉన్నది.' కార్డు ఇచ్చి ఆ మాట అనకపోతే పిలవనట్టే లెక్క.

సర్కారు కూడా ఈ సంగతి పట్టుకుంది. 2014లో మొదలైన ఒకే రకం పెళ్లి సాయానికి రెండు పేర్లు: కళ్యాణలక్ష్మి, షాదీ ముబారక్. ఇంటిని బట్టి మర్యాద మాట మారాలని పేరు పెట్టినవాళ్లకు బాగా తెలుసు.

చావు మాటలు

ఇంత తేడా ఇంకెక్కడా ఉండదు. ఎల్లారెడ్డిలో మనిషి 'పోయిండు', 'పానం పోయింది', పెద్దవాళ్లయితే 'కాలం చేసిండు'. చిన్న పేపరు వార్తలో 'మృతి చెందాడు'. బండి గుద్దితే 'దుర్మరణం'. నాయకుడైతే 'కన్నుమూశారు', 'తుదిశ్వాస విడిచారు'. వైష్ణవులకు పరమపదం, లింగాయతులకు లింగైక్యం, క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు, ముస్లింల ఇంట్లో ఇంతెకాల్ అవుతుంది. పేరు ముందు కీ.శే. పెట్టాక ఇక ఏ క్రియా అక్కరలేదు.

పేపరు చదివేవాళ్లు గమనించారో లేదో, ఈ మాటల్లో ఒక నిచ్చెన ఉంది. కూలి 'మృతి చెందాడు', మంత్రి 'కన్నుమూశారు'. తారుమారు కావు. రాసే విలేకరికి ఎవరూ నేర్పరు, డెస్కు మీదే పట్టుబడుతుంది. నాకు ఈ నిచ్చెన నచ్చదు. 'మరణించారు' అన్న మాట అందరికీ సరిపోతుంది.

కాంటనీస్‌లోనూ నిచ్చెన ఉంది. 'సేయ్' అంటే చావు, మొద్దు మాట, పెద్దల ముందు అనరు. ఇంటివాళ్లతో 'గ్వో సన్' అంటారు, దాటిపోయారన్నట్టు. టీవీ వార్తల్లో 'సై సై'. ఆ మొద్దు మాటకు దగ్గరగా వినబడుతుందని నాలుగు అంకెను కూడా తప్పించుకుంటారు. హాంకాంగ్ మేడల్లో నాలుగో అంతస్తు, పద్నాలుగో అంతస్తు అంకెలు లేని లిఫ్టులు ఉండటం అందుకే.

రెండు థాంక్యూలు

కాంటనీస్ నేర్చుకునేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. ఎవరైనా తలుపు పట్టుకున్నా, చాయ్ తెచ్చిపెట్టినా 'మ్‌గోయ్'. బహుమానం ఇచ్చినా, డబ్బుల ఎర్ర కవరు చేతిలో పెట్టినా, భోజనం పెట్టించినా 'దోచే'. చేసిన పనికి ఒకటి, ఇచ్చిన వస్తువుకు ఒకటి. తప్పుగా వాడితే ఎవరూ కొట్టరు కానీ కొత్తవాడని తెలిసిపోతుంది. మన పల్లెల్లో ఇంకా తేలిక. ధన్యవాదాలు మైకు ముందు మాత్రమే. చాయ్ ఇచ్చిన వదినెతో 'ధన్యవాదాలు' అంటే, 'ఏంది, కోపమొచ్చిందా?' అని అడుగుతుంది.

దవాఖానా మళ్లీ బోర్డెక్కింది

ఆర్టీసీ వాళ్లు బస్టాండుకు ప్రయాణ ప్రాంగణం అని పేరు రాశారు. 'ప్రాంగణం కాడ దిగుతా' అన్న ప్రయాణికుణ్ని ఇంతవరకు ఏ కండక్టరూ చూసి ఉండడు. దవాఖానా కథ దీనికి తిరగేసి నడిచింది. నిజాం నాటి సర్కారు మాట అది. ఊళ్లు దాన్ని సొంతం చేసుకున్నాయి. తర్వాత బోర్డుల మీద ఆసుపత్రి, ఆరోగ్య కేంద్రం వచ్చాయి, దవాఖానా నోటి మాటగా మిగిలింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక బస్తీ దవాఖానా, పల్లె దవాఖానా అని అదే మాట మళ్లీ సర్కారు బోర్డెక్కింది. తహసీల్దారుకూ అదే జరిగింది. 1985లో మండలాలు వచ్చి ఆయన ఎమ్మార్వో అయ్యాడు. కొన్నేళ్లకు మళ్లీ తహసీల్దారే అయ్యాడు. జనం మాత్రం ఇప్పటికీ సగం మంది ఎమ్మార్వో అనే అంటారు. వాళ్లకు ఆ మార్పు చెప్పినవాళ్లు లేరు.

తండా పిల్ల, అయిదు మాటలు

ఎల్లారెడ్డి, గాంధారి చుట్టూ లంబాడా తండాలు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లకు ఇంట్లో గోర్‌బోలి. దానికి సొంత లిపి లేదు. ఊళ్లోకి వస్తే ఎల్లారెడ్డి తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు, ఆ పైన హిందీ, ఇంగ్లిష్. హాంకాంగ్ సర్కారు తమ పిల్లలకు రెండు రాతలు, మూడు మాటలు రావాలని విధానంగా పెట్టుకుంది: చీనా, ఇంగ్లిష్ రాయాలి, కాంటనీస్, మాండరిన్, ఇంగ్లిష్ మాట్లాడాలి. తండా పిల్ల ఏ విధానమూ లేకుండానే దాన్ని దాటేసింది. ఆమెకు తెలుగులో తక్కువ మార్కులు వచ్చాయంటే, ఏ తెలుగులో అని అడగాలి.

గల్ఫ్ కాయితాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ అరుదు. వాళ్లతో పాటు ఒక కొత్త వరుస ఆఫీసు మాటలు ఊరికొచ్చాయి. సౌదీలో ఉండనిచ్చే కార్డు అకామా, కువైట్‌లో బతాకా, పెట్టుకున్న యజమాని కఫీల్. యజమానిని వదిలి కాయితాలు లేకుండా పనిచేస్తే కల్లివెల్లి అయినట్టు. అరబ్బీలో అది 'పోనీలే' అన్నట్టుగా వాడే తేలిక మాట. మన తెలుగులోకి వచ్చేసరికి కేసుల మాట, భయం మాట అయింది. గల్ఫ్ ముఖం చూడని అవ్వ కూడా ఫోన్లో అడుగుతుంది: 'బిడ్డా, అకామా రెన్యువల్ అయిందా? కఫీల్ మంచోడేనా?' నూట ముప్పై ఏళ్ల కింద ఆమె ముత్తవ్వకు పట్టా, పహాణీ ఎంత కొత్తవో ఈమెకు ఇవీ మొదట అంతే కొత్తవి. కొడుకు రెండోసారి వీసా కొట్టించుకునే నాటికి వాటిని ఎవరూ అర్థం చెప్పకుండానే వాడేస్తోంది.